ఏజెంటు లేని చోట నవలను అమ్ముకునేదెట్లా

తెలుగులో నవల రాసి, దాన్ని పబ్లిషర్ దగ్గరికి తీసుకుపోయే లిటరరీ ఏజెంటు కోసం వెతుకుతున్నవాళ్ళకు ముందే ఒక సంగతి చెప్పాలి. తెలుగు పుస్తకాల మీదే బతికే ఏజెంట్లు మనకు లేరు. ఎందుకు లేరో లెక్క వేస్తే తెలిసిపోతుంది. 200 రూపాయల పుస్తకం మీద పది శాతం రాయల్టీ అనుకుంటే కాపీకి 20 రూపాయలు. 500 కాపీల ఎడిషన్ మొత్తం అమ్ముడుపోతే రచయిత చేతికి వచ్చేది 10,000. ఏజెంటు కమీషన్ మామూలుగా అందులో 15 శాతం, అంటే 1,500. ఒక నవలను చదివి, దిద్దించి, నలుగురికి పంపి, ఒప్పందం చూసి, ఏడాది పొడుగునా వెంటబడి తిరిగితే మిగిలేది 1,500 రూపాయలు. ఆ పైసలతో ఎవరి ఇల్లు గడుస్తుంది?

ఏజెంటు లేకున్నా, ఏజెంటు చేసే పని అట్లాగే ఉంటుంది. రాతప్రతిని పరాయి మనిషి కన్నుతో చదవాలి. ఎవరికి పంపాలో తేల్చుకోవాలి. సంతకం పెట్టేముందు కాగితంలో ప్రతి లైనూ చదవాలి. ఈ మూడూ మన దగ్గర రచయిత నెత్తినే పడ్డాయి. వీటిలో ఒక్కటీ చేయకుండా నేరుగా ప్రింటుకు పోయే పుస్తకాలు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాటిలో మంచి పుస్తకాలు ఉంటాయి కాబట్టి.

నాది నల్లగొండ. క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపు నడుపుతాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, కాలేజీ సంచికలతో పాటు దేవరకొండ, మునుగోడు నుంచీ, అటు కల్వకుర్తి, అచ్చంపేట నుంచీ కథలూ కవితలూ నవలలూ మా టేబుల్ మీదికి వస్తాయి. టైపు చేసేవాళ్ళకు కథ ఎక్కడ నిలిచిపోయిందో కళ్ళకంటే ముందు వేళ్ళకు తెలుస్తుంది. నేనూ కథలు రాస్తాను. కింద రాసేవన్నీ ఈ రెండు పనుల్లో నేర్చుకున్నవే.

ముందు రాతప్రతి

అమ్ముడుపోయే నవల అనగానే మా దిక్కు రచయితలు ముఖం చిట్లిస్తారు. అదేదో చవకబారు పని అన్నట్టు. రచయితతో ముఖపరిచయం కూడా లేని మనిషి, ఏ మొహమాటమూ లేకుండా, తన పైసలు పెట్టి కొని, ముప్పయ్యో పేజీ దాటి చదవడాన్నే నేను అమ్ముడుపోవడం అంటాను. ఆవిష్కరణ సభలో చుట్టాలు కొన్న కాపీలు ఈ లెక్కలోకి రావు. అట్లా చదివించడానికి విలువలు వదులుకోవాల్సిన పని లేదు. కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

చందంపేట దిక్కు పిల్లగాడు ఒకడు నవల తెచ్చాడు. బత్తాయి తోట ఎండిపోతున్న ఇంటి కథ. మొదటి పదమూడు పేజీల్లో ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఏ కాలం నాటిది, తాతల పేర్లు, పొద్దుపొడుపు వర్ణన ఉన్నాయి. వాక్యాలు బాగున్నాయి. పద్నాలుగో పేజీలో తోటలోకి బోరు బండి వచ్చింది. తిరుచెంగోడు నుంచి వచ్చిన తమిళ లారీ, దాని మోత, లేచే తెల్లటి దుమ్ము, గట్టు మీద నిలబడి చూస్తున్న ఊరి జనం. అక్కడికి రాగానే నా చేతులు వేగం అందుకున్నాయి.

"తమ్మీ, ఈ నవల ఎవరి కథ?" అని అడిగాను.

"మా నాయన కథ అక్కా."

"మీ నాయన ఎన్నో పేజీల వచ్చిండు?"

"పద్నాలుగుల."

"మరి పదమూడు పేజీల దాంక చదివేటోళ్ళు ఎవరి కోసం చదవాలె?"

పిల్లగాడు ఏమీ అనలేదు. పేజీలు తీసుకుపోయి, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు నవల ఇట్లా మొదలవుతుంది. ఆ పిల్లగాడు ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను:

"మూడు వందల ఫీట్లు దాటినా దుమ్మే వస్తున్నది. బండాయన మా నాయన దిక్కు చూసిండు. ఫీటుకు ఎంతకు మాట్లాడిండో మా అమ్మకు తెల్వదు. నాయన బండాయన చెవి కాడ నోరు పెట్టి, ఇంకో యాభై అన్నడు. గట్టు మీద కూసున్న అమ్మ మెడల చేయి పెట్టి చూసుకున్నది."

ఐదు వాక్యాలు. ఎవరికి ఏం కావాలో తెలిసింది. అది దొరక్కపోతే ఏం పోతుందో అమ్మ చేయి చెప్పింది. మొగుడు పెళ్ళానికి చెప్పని సంగతి ఒకటి ఉందని తెలిసింది. నీళ్ళు పడతాయా, గొలుసు పోతుందా అని చదివేవాళ్ళే అడుగుతారు. ఈ ప్రశ్న పుట్టించడానికి రచయిత ఎక్కడా "అయ్యో రైతు" అనలేదు. ఊరి చరిత్ర కూడా ఎక్కడికీ పోలేదు. మూడో అధ్యాయంలో నాయన అప్పు కోసం ఎండిన చెరువులో నుంచి అడ్డదారిన నడిచి పోతుంటే, ఆ చెరువు ఎవరు కట్టించిందీ అప్పుడు వచ్చింది. అక్కడ చదివితే కడుపులో దేవినట్టయింది. అవే మాటలు మొదటి పేజీలో ఉన్నప్పుడు నేను ఊరికే టైపు చేసుకుంటూ పోయాను.

మీ రాతప్రతి తీసుకుని ఇదే పని చేయండి. ఎవరికో ఏదో కావలసి, అది దొరకకుండా అడ్డం పడే మొదటి పేజీ ఏదో వెతకండి. ఆ పేజీని ముందుకు తెచ్చుకోండి. ఆ తర్వాత ప్రతి అధ్యాయం చివర చదివేవాళ్ళకు మీరు ఒక బాకీ పడి ఉండాలి. ఒకటి తీర్చేటప్పుడే ఇంకొకటి పెట్టాలి. అన్ని బాకీలూ తీర్చేసి అధ్యాయం ముగిస్తే పుస్తకం మూసి పడుకుంటారు, మర్నాడు తెరవరు.

ఇంక సరుకు సంగతి. మన జిల్లాల గురించి బయటివాళ్ళకు తెలిసింది వార్తల్లో వచ్చిందే. ఫ్లోరైడు, వలస, బోర్లు, కరువు. వార్తలో లేనిది మీ దగ్గర ఉండాలి. పాలమూరు నుంచి పనికి పోయేవాళ్ళ మీద నవల రాస్తే, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఏ చేతిలో పడింది, ఏ అప్పుకు పోయింది, చంటిదాన్ని వెంట తీసుకుపోయారా ముసలిదాని దగ్గర వదిలిపోయారా, పండక్కి వచ్చినప్పుడు ఆ పిల్ల తల్లిని గుర్తుపట్టిందా, ఇవి కావాలి. బత్తాయి మొక్క పెట్టాక నాలుగైదేళ్ళకు గానీ కాపుకు రాదని తెలిసినవాడు రాస్తే, ఎండిన తోటలో పోయింది ఒక పంట కాదనీ ఆ ఇంటి ఐదేళ్ళనీ వేరే చెప్పనక్కర్లేదు.

కష్టం ఒక్కటే నవల అయిపోదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మా షాపుకు వచ్చే రాతప్రతుల్లో మనుషులు ఏడవడం తప్ప ఇంకేమీ కోరుకోరు. కోరిక ఉన్న మనిషి కావాలి. కష్టం గురించే రాయాలన్న నియమమూ లేదు. మిర్యాలగూడ రైసుమిల్లులో జరిగిన హత్య ఎవరు చేశారో వెతికే నవల రాయండి. చీర ఒంటిని నూలుతో, అంచును పట్టుతో నేసి రెండింటినీ కలిపే గద్వాల మగ్గం మీద ప్రేమకథ రాయండి. నల్లమలలో తప్పిపోయిన ఫారెస్టు గార్డు కథ రాయండి. ఉత్కంఠ నవల రాస్తే స్థాయి తగ్గిపోతుందని భయపడేవాళ్ళను చూస్తే నాకు బాధ. ఉత్కంఠ నిలబెట్టాలంటే ఎంత పనితనం కావాలో ఒక్క అధ్యాయం రాసి చూడండి.

మాట విషయానికి వస్తే, సంభాషణల్లో మీ ఊరి మాట ఉండాలి, కథనం ఏ తెలుగులో నడిపినా చివరిదాకా అదే నడపాలి. నల్లగొండ మాటా గద్వాల మాటా ఒకటి కావు. అటు రాయచూరు, ఇటు కర్నూలు ఆనుకుని ఉన్న ఊళ్ళ యాస వేరే తీరు. మీది కాని యాస రాయాల్సి వస్తే, ఆ ఊరి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఎక్కడ నవ్వుతారో అక్కడ తప్పు రాసినట్టు.

చదివి పెట్టడానికి ముగ్గురు చాలు. ఒకరు నవలలు బాగా చదివేవారు, ఒకరు మీరు రాసిన పని స్వయంగా చేసినవారు, ఒకరు మీతో మొహమాటం లేనివారు. వాళ్ళను "ఎట్లా ఉంది" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఏ పేజీ దగ్గర పక్కన పెట్టారు" అని అడగండి. ఇద్దరు ఒకే పేజీ చెప్తే ఆ పేజీకి ముందున్న నాలుగు పేజీలు తిరగరాయాలి.

ఎవరికి పంపాలి

మొదటి నవల పట్టుకుని ఏ పబ్లిషర్ దగ్గరికి పోయినా, ఇంతకుముందు ఎక్కడ వచ్చాయని అడుగుతారు. అందుకని నవల రాస్తూనే నాలుగు కథలు పత్రికలకు పంపుతుండండి. దినపత్రికల ఆదివారం అనుబంధాలు, స్వాతి లాంటి వారపత్రికలు, నెట్‌లో ఈమాట, సారంగ, కౌముది ఉన్నాయి. ఒక్కో చోట ఒక్కో తీరు. ఆదివారం అనుబంధానికి రెండు మూడు పేజీల్లో పట్టే కథ కావాలి. నెట్ పత్రికల్లో పొడవు కథకు చోటు ఉంటుంది. పంపేముందు ఆ పత్రికలో ఈ మధ్య వచ్చిన కథలు నాలుగైనా చదవండి.

పోటీలు మనకు పెద్ద దారి. ఉగాదికీ సంక్రాంతికీ దీపావళికీ కథల పోటీలు వస్తుంటాయి. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాలు నవలల పోటీలు కూడా పెట్టాయి. పోటీకి పంపేటప్పుడు హామీపత్రం అడుగుతారు. ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరెక్కడా పరిశీలనలో లేదు అని రాసి సంతకం పెట్టాలి. ఫేస్‌బుక్కులో పెట్టినా, ప్రతిలిపి లాంటి యాప్‌లో పెట్టినా ప్రచురితం కిందే లెక్కగట్టే పోటీలు ఉన్నాయి. లైకుల కోసం ముందే పెట్టేసి, తర్వాత పోటీకి పనికిరాదని తెలిసి బాధపడుతున్న పిల్లలను చూస్తున్నాను. రాసింది ముందు ఎక్కడికి పోవాలో నిర్ణయించుకున్నాకే బయట పెట్టండి. ముప్పయ్యయిదేళ్ళ లోపు వాళ్ళయితే సాహిత్య అకాడెమీ యువ పురస్కారం సంగతి మనసులో పెట్టుకోండి. 2011 నుంచి ఇస్తున్నారు, బహుమతి 50,000 రూపాయలు, అచ్చయిన పుస్తకానికే ఇస్తారు.

ఫైలు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల్లో పంపాలి. మా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలా పని 'అను' అనే పాత తరహా ఫాంట్లలోనే నడుస్తుంది. ఆ ఫైలు అవతలివాళ్ళ కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు చెదురుతాయి, మళ్ళీ మొదటినుంచీ ప్రూఫు చూడాలి. ఫోన్‌లో మాటతో టైపు చేసుకున్నా సరే, యూనికోడ్‌లోనే ఉంచుకోండి. వర్డ్ ఫైలూ పీడీఎఫ్‌ఫూ రెండూ జతచేయండి. మొదటి పేజీలో పేరు, ఫోన్ నంబరు, మొత్తం మాటల సంఖ్య ఉండాలి.

పబ్లిషర్ ఎవరో తేల్చుకోవాలంటే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోవాలి. మామూలుగా డిసెంబరులో జరుగుతుంది. కొనడానికి పోయినట్టు కాకుండా చూడడానికి పోండి. మీ నవలకు చుట్టం అనిపించే నవలలు ఏ స్టాల్‌లో ఉన్నాయి, కాగితం ఎట్లా ఉంది, అట్ట ఎట్లా ఉంది, కొత్తవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయి, రాసుకోండి. స్టాల్‌లో జనం ఉండగా రాతప్రతి చేతిలో పెట్టకండి. మెయిల్ ఐడీ అడిగి తీసుకుని, జనవరిలో పంపండి.

సొంతంగా వేసుకోవడం చిన్నతనం కాదు. నకిరేకల్ దిక్కు నుంచి వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు భుజాన మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. అంతకుముందే 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. ఈ నేల మీద పుస్తకాన్ని చదివేవాళ్ళ ఇంటిదాకా మోసుకుపోవడం కొత్త కాదు. సొంతంగా వేస్తే మొదట మూడు వందల కాపీలు దాటకండి. పంపిణీదారు ముఖధరలో, అంటే అట్ట మీద వేసే ధరలో, నలభై శాతం దాకా తీసుకుంటాడని ధర వేసేటప్పుడే లెక్కలో పెట్టుకోండి. పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి వేలు అడిగేవాళ్ళకు ఇవ్వకండి. డిగ్రీ కాలేజీల తెలుగు శాఖలు, జిల్లా గ్రంథాలయం, ఉపాధ్యాయ సంఘాల సభలు, ఇవన్నీ మీరు స్వయంగా పోవాల్సిన చోట్లు.

సంతకం పెట్టే కాగితం

ఈ భాగం నెమ్మదిగా చదవండి. ఒక రచయిత్రి తన ఒప్పందాన్ని జిరాక్సు తీయించుకోవడానికి మా షాపుకు తెచ్చింది. అరపేజీ కాగితం. అందులో "ఈ రచనపై సమస్త హక్కులు ప్రచురణకర్తకు చెందును" అని ఒక లైను. ఎన్నేళ్ళకో లేదు, రాయల్టీ ఎంతో లేదు. ఆమె సంతోషంగా ఉంది, పుస్తకం వస్తుందని. ఆ ఒక్క లైనుతో అనువాదం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ చేయి దాటి పోవచ్చని ఎవరూ చెప్పలేదు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసిన క్షణం నుంచే హక్కు రచయితది. రచయిత బతికినన్నాళ్ళూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కులు బదిలీ చేయడం గురించి 19వ సెక్షన్ చెప్తుంది. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నాళ్ళు, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళ కిందే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాది లోపు దాన్ని వాడకపోతే, కాగితంలో వేరేగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కు రద్దవుతుంది. 57వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇచ్చేసినా పుస్తకం మీద మీ పేరు మీదే. మీ పరువు పోయేటట్టు రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కూడా మీకు ఉంటుంది.

కాబట్టి మీ కాగితంలో ఇవి ఉండేటట్టు చూసుకోండి. ఇస్తున్నది తెలుగు అచ్చు పుస్తకం హక్కు మాత్రమే. కాలం మూడేళ్ళో ఐదేళ్ళో. రాయల్టీ ముఖధర మీద ఇంత శాతం, లెక్క ఏడాదికి ఒకసారి రాతలో. ఎన్ని కాపీలు వేస్తారో అంకెలో. స్టాకు అయిపోయి ఆరు నెలల్లో మళ్ళీ వేయకపోతే హక్కు రచయితకు తిరిగి రావాలి. ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు రచయితవే అని ఒక వాక్యం. అచ్చు ఖర్చు మీరే పెట్టుకుంటే ఏ హక్కూ ఎవరికీ రాసివ్వాల్సిన పని లేదు. ఇంత అడిగితే పుస్తకం వేయరేమో అని భయం ఉంటుంది. అడిగిన తీరు మర్యాదగా ఉంటే మంచి పబ్లిషర్ కూర్చుని మాట్లాడతాడు. హక్కుల మాట ఎత్తగానే మండిపడే మనిషి చేతిలో నవల పెట్టకపోవడమే క్షేమం.

ఇంగ్లిష్‌లోకి పోయే దారి, ఏజెంటు

నిజమైన ఏజెంటు అవసరం పడేది ఇక్కడ. మీరు ఇంగ్లిష్‌లో రాసినా, తెలుగు నవలను అనువాదం చేయించినా పెద్ద పబ్లిషర్లను చేరడానికి ఏజెంటు దారి. ఢిల్లీలో రైటర్స్ సైడ్, రెడ్ ఇంక్, జైపూర్‌లో సియాహీ లాంటి సంస్థలు ఉన్నాయి. ఏ సంస్థ వెబ్‌సైట్‌లో అయినా ఏం తీసుకుంటారో, ఎట్లా పంపాలో ఉంటుంది. అనువాదాలు చూస్తారా లేదా అన్నది ముందు చదవండి. హైదరాబాద్‌లోనే ఉన్న ఓరియంట్ బ్లాక్‌స్వాన్, భారతీయ భాషల కోసం ఏకా అనే పేరుతో వేరే విభాగం నడిపే వెస్ట్‌లాండ్ లాంటి పబ్లిషర్లు కూడా అనువాదాలు వేస్తారు.

2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి ఒక కన్నడ కథల పుస్తకం ఇంగ్లిష్ అనువాదానికి వచ్చింది. 50,000 పౌండ్లను రచయిత్రీ అనువాదకురాలూ సగం సగం పంచుకున్నారు. మన పక్క రాష్ట్రం, మన లాంటి ఊళ్ళ కథలు. ఆ దారిన తెలుగు పుస్తకం పోకూడదని ఏమీ లేదు. మనకు తక్కువైంది అనువాదకులూ, నమూనా పేజీలూ.

అనువాదకులను వెతకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయన కేంద్రం ఉంది. మన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో ఇంగ్లిష్ అధ్యాపకులున్నారు. మొత్తం నవల చేయమని అడగకండి. ఐదు వేల మాటల నమూనా చాలు. దానికి ఇంతని పైసలు ఇవ్వండి, స్నేహం పేరు చెప్పి ఊరికే చేయించుకోకండి. నమూనా ఎవరిది, పుస్తకం అమ్ముడుపోతే రాయల్టీ ఎట్లా పంచుకోవాలి అన్నది ముందే ఒక కాగితం మీద ఇద్దరూ రాసుకోవాలి.

ఏజెంటుకు పంపేది మూడు ముక్కలు. ఒక పేజీ ఉత్తరం, ఒకటి రెండు పేజీల కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు లేదా అనువాద నమూనా. ఇంగ్లిష్‌లోనే రాసిన మొదటి నవల అయితే 80,000 నుంచి 1,00,000 మాటల మధ్య ఉంటే ఇబ్బంది ఉండదు. నవల పూర్తి కాకుండా ఉత్తరం పెట్టకండి. నచ్చితే మొత్తం పంపమంటారు, అప్పుడు మీ దగ్గర ఉండాలి.

ఉత్తరం ఇంగ్లిష్‌లో పోవాల్సిందే అయినా ముందు తెలుగులో రాసుకోండి. మన బత్తాయి తోట నవలకు నేనైతే ఇట్లా రాస్తాను:

"నమస్కారం. మీరు భారతీయ భాషల నవలల అనువాదాలు తీసుకుంటున్నారని మీ వెబ్‌సైట్‌లో చూసి రాస్తున్నాను. 'ఇంకో యాభై' 55,000 మాటల తెలుగు నవల. నల్లగొండ జిల్లాలో ఎండిపోతున్న బత్తాయి తోటను నిలబెట్టుకోవడానికి ఒక రైతు ఒక్క వేసవిలో ఏడు బోర్లు వేయిస్తాడు. ఏడో బోరుకు పైసలు ఎక్కడివో భార్యకు చెప్పడు. ఆమె కనిపెట్టేసరికి కూతురి పెళ్ళి పది రోజుల్లో ఉంది. మొగుడిని పట్టివ్వాలా, కాపాడాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. నేను ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగాను, మా కుటుంబానికి బత్తాయి తోట ఉండేది. నా కథలు తెలుగు పత్రికల్లో వచ్చాయి. ఇంగ్లిష్ అనువాద హక్కులు నా దగ్గరే ఉన్నాయి. ఐదు వేల మాటల నమూనా, కథాసారం జతచేశాను."

ఇందులో "రైతు సమస్యలను కళ్ళకు కట్టే" అన్న మాట లేదు. "అందరూ మెచ్చుకున్నారు" అన్న మాట లేదు. ఎవరు, ఏం కావాలి, ఏం దాచారు, ఎప్పటిలోగా తేలాలి, అంతే. దీనికి తోడు ఈ ఐదేళ్ళలో వచ్చిన పుస్తకాలు రెండు పేర్కొని, మీది వాటి పక్కన ఎందుకు నిలుస్తుందో ఒక వాక్యం రాయండి. ప్రపంచ ప్రసిద్ధ నవలలతో పోల్చుకోకండి, ఆ పోలిక చూడగానే పక్కన పెడతారు. కథాసారంలో ముగింపు కూడా చెప్పాలి. "చివరికి ఏమైందో చదివి తెలుసుకోండి" అని రాస్తే అది సినిమా పోస్టరు. ఏజెంటు మీ కథ నిలబడుతుందో లేదో చూసుకోవాలి కదా. ముగ్గురి పేర్లకు మించి అందులో పెట్టకండి.

ఒకేసారి ఐదారుగురికి పంపండి. ఎవరికి ఏ తేదీన పంపారో నోటుబుక్కులో రాసుకోండి. మూడు నెలలు చూసి, జవాబు లేకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. అందరూ కాదంటే, తర్వాతి ఐదుగురికి పంపేముందు ఉత్తరమూ మొదటి పేజీలూ మళ్ళీ చూసుకోండి. ఒకరు కారణం రాసి కాదన్నారంటే అది విలువైన ఉత్తరం, దాచుకోండి.

చదవడానికే ఫీజు అడిగేవాళ్ళతో జాగ్రత్త. ఏజెంటుకు రావాల్సింది మీ పుస్తకం అమ్ముడుపోయాక వచ్చే రాబడిలో వాటా. దేశం లోపల మామూలుగా 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 దాకా. పుస్తకం వేయిస్తాను, ముందు ఇంత కట్టు అన్నాడంటే ఆయన అమ్ముతున్నది సేవ, మీ నవలను కాదు.

ఎవరైనా సరే అంటే, సంతోషంలో వెంటనే సంతకం పెట్టకుండా ఫోన్‌లో మాట్లాడండి. నవలలో ఏం మార్చాలనుకుంటున్నారు, మొదట ఎవరికి చూపిస్తారు, పబ్లిషర్ల జవాబులు మీకు కూడా పంపుతారా, పైసలు తన ఖాతా నుంచి ఎన్ని రోజుల్లో మీకు చేరతాయి, ఇద్దరిలో ఒకరు వద్దనుకుంటే ఎన్నాళ్ళ ముందు నోటీసు ఇవ్వాలి, ఇవి అడగండి. అప్పటికే మీ తెలుగు పుస్తకం వచ్చి ఉంటే, దాని రాబడి కమీషన్ లెక్కలోకి రాదని రాయించుకోండి. తెలుగు హక్కుల మీద కూడా వాటా కావాలంటే, ఆ తెలుగు పుస్తకాన్ని తాను ఏ పబ్లిషర్ దగ్గర, ఎన్నాళ్ళలో పెట్టిస్తాడో అదే కాగితంలో రాయమనండి.